వత్తు ఊడిన పేర్లు

ఎనుమాముల యార్డుల మాఘమాసం.
గేటు అవతలిదాకా బండ్లు.
తేజ మిర్చి ఘాటుకు
మనుషులతోపాటు మా సీపీయూ కూడ దగ్గుతది.
పొద్దుగాల మూత తీసి
బ్రష్‌తోని ఎర్రటి దుమ్ము దులిపి
అప్పుడు బటన్ నొక్కుత.
పద్నాలుగేండ్ల సంది ఇదే నా దీపం ముట్టిచ్చుడు.

పాత మిషిన్. పాత విండోస్.
అయినా కాంటా దాని మాటే వింటది.
ఎనుక తొమ్మిది పిన్నుల మూతి ఉన్నది చూడు,
అండ్ల వైరు పెడితె
బస్తా బరువు తనంతట తానె తెర మీద వాలుతది,
నలభై రెండు కిలోల మూడు వందల గ్రాములు,
నా చెయ్యి తగలకుంట.

తెలుగు కూడ అండ్లనే.
ఎప్పుడో సీడీల ఇచ్చిన ఫాంటు.
ఏ మీట కింద ఏ వత్తున్నదో
నా వేళ్లకు ఎరుక, నాకు తెల్వది.
'కొమ్ము మొగిలి, గుండ్లసింగారం':
ఎట్ల కొడుతవని అడిగితె చెప్పలేను,
కొట్టి చూపిస్త.

ఈ ఏడు పైసలన్నీ సైటు నుంచే పడాలన్నరు.
సంతకం టోకెన్ గుచ్చితె
'నీ బ్రౌజర్ పాతబడ్డది' అన్నది తెర.
కొత్త బ్రౌజర్ ఎక్కించబోతె
'నీ విండోసే పాతబడ్డది' అన్నది.

స్టేషన్ రోడ్డు నుంచి అఫ్జల్ వచ్చిండు.
చాయ్ తాగిండు, కొత్త లాప్‌టాప్ తెరిచిండు.
సంతకం చిటికెల పడ్డది.
కాంటా వైరు చేతుల పట్టుకొని
లాప్‌టాప్‌ను నాలుగు దిక్కులా తిప్పి చూసినం.
దానికి ఆ మూతే లేదు.

కన్వర్టర్ తెచ్చిండు. డ్రైవర్ ఎక్కించిండు.
నలభై రెండు కిలోల బస్తా
ఒకపారి ఇరవై నాలుగైంది,
ఇంకోపారి ఉత్త ప్రశ్నార్థకాలు.
వేరే డ్రైవర్ వేస్తె ప్రింటర్ మూగబోయింది.
ప్రింటర్‌ను బతిమిలాడితె సంతకం అలిగింది.
"అందరు ఒక్కింట్ల ఇమడరక్కా,
ఎవల్ని ఉంచుకుంటవో నువ్వే చెప్పు."

పాత ఖాతా కొత్త దాంట్ల తెరిచినం.
మొగిలి లేడు.
నెత్తిమీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు,
ఒక డాలరు గుర్తు, రెండు కొక్కేలు.
అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు.
బాకీ ఎంతో తెలుస్తున్నది,
ఎవరిదో తెలుస్తలేదు.

మార్చే సాఫ్ట్‌వేరు ఒకటున్నదంటె అదీ చూసినం.
మార్చింది, పదిట్ల తొమ్మిది మంచిగనే.
పదోది సమ్మక్క.
'సమక' అయి కూసున్నది.
గుండ్లసింగారం గుండలసింగారం.
సేటు కుర్చీల నుంచే అన్నడు:
"పైసలు పడితె చాలదా? పేర్లెవరు చదువుతరు?"

మొగిలి చదువుతడు.
రాత్రిబడిల నేర్చుకున్నడట.
తక్‌పట్టీ చేతికియ్యంగనే ముందుగాల రేటు చూడడు,
పేరు కింద ఏలు పెట్టి
ఒక్కొక్క అక్షరం దాటుతడు,
ఒడ్డు మీద నడిచినట్టు.

ఇగ రెండూ ఉంచిన.
ఎడమ దిక్కు పాతది, కుడి దిక్కు కొత్తది.
ఎడమ దాంట్ల బరువు చూసి
కుడి దాంట్ల కొడుత.
పేరు పెన్నుతోని రాస్త, నీలం సిరా.
పొద్దుగూకే యాల్లకు మెడ పట్టుకపోతది.
ఏ డ్రైవరూ కలపని జాగల
ఇప్పుడు నేనున్న.

మొన్న ఒకపారి
నలభై రెండు మూడును నలభై మూడు రెండు కొట్టిన.
ఎవరూ చూడలేదు, దిద్దిన.
ఆ రాత్రి మాత్రం నిద్రపట్టలే:
పద్నాలుగేండ్లల్ల మొదటిపారి
బస్తాకు నా చెయ్యి తగిలింది.

ఇయ్యాల మొగిలి
నా కుర్చీ పక్కన నిలబడి
ఈ తెరా ఆ తెరా మార్చి మార్చి చూసి
"ఆ డబ్బల ఉన్నదే ఈ డబ్బల పడ్డదా బిడ్డా?" అన్నడు.
అనుమానం కాదు, ఉత్తగనే అడిగిండు.

రెండు తెరలూ ఆయన దిక్కు తిప్పిన.
దగ్గుకుంట, కండ్లు తుడుసుకుంట
ఏలు పెట్టి చూస్తున్నడు.
ఎనుక లైనుల ఎవరో కేకేస్తున్నరు.
వెయ్యనీ.